చదువు అప్పు: వాయిదా తప్పినప్పుడు



ఇవాళ చదువు అప్పు గురించి మాట్లాడుకుందాం. బ్యాంకులో విద్యా రుణం తీసుకున్నారు. చదువు అయిపోయింది. వాయిదాలు మొదలయ్యాయి. ఒక నెల కట్టలేకపోయారు. అప్పుడేం చెయ్యాలి? సిబిల్ పాడవకుండా ఎలా చూసుకోవాలి? ఈ ఒక్క సంగతే.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పొయ్యి మీద పాలు పెట్టి వింటున్నవాళ్లు మధ్యలో లేచి వెళ్లినా ఇది గుర్తుంటే చాలు. వాయిదా కట్టలేమని తెలిసిన రోజే బ్యాంకుకి వెళ్లి చెప్పండి. ఒకవేళ తప్పిపోతే, 90 రోజులు మాత్రం దాటనివ్వకండి. మళ్లీ చెబుతున్నాను. తెలిసిన రోజే చెప్పండి. 90 రోజులు దాటనివ్వకండి.

వాయిదా ఎందుకు తప్పుతుంది? చేతిలో డబ్బు లేక తప్పడం అందరికీ తెలిసిందే. అసలు వాయిదా మొదలైన సంగతే తెలియక తప్పడం కూడా ఉంది. ఒక ఇల్లు తీసుకుందాం. నరసరావుపేట దగ్గర ఒక పల్లె అనుకోండి. నాన్న ఆటో నడుపుతాడు. అమ్మాయి గుంటూరులో బీటెక్‌లో చేరింది. ఊరి బ్రాంచిలో 5 లక్షల లోను తీసుకున్నారు. ఏడాదికి లక్షా పాతిక వేల చొప్పున నాలుగేళ్లు బ్యాంకు కాలేజీకి కట్టింది. చదువు అయ్యాక మామూలుగా ఇంకో ఏడాది గడువు ఇస్తారు. ఈ ఐదేళ్లూ వాయిదా ఉండదు. దీన్నే మారటోరియం అంటారు.

వాయిదా ఉండదు సరే, వడ్డీ ఆగదు. 10 శాతం బారువడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది ఇచ్చిన డబ్బుకి ఐదేళ్ల వడ్డీ పడుతుంది. రెండో ఏడాది డబ్బుకి నాలుగేళ్లు. మూడో దానికి మూడు. చివరి దానికి రెండు. అంతా కూడితే లక్షా 75 వేలు. అసలుతో కలిపి 6 లక్షల 75 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 8,900 రూపాయల పైమాటే. "5 లక్షలు తీసుకుంటే ఏడు లక్షల దగ్గరికి ఎలా వెళ్లింది?" అని ఆ నాన్న అడుగుతాడు. అడగాల్సిందే. ఎందుకంటే కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉన్నవాళ్లకి, అర్హత ఉన్న కోర్సులకి, ఈ గడువు కాలం వడ్డీని కేంద్ర ప్రభుత్వమే కట్టే పథకం ఉంది. ఆదాయ ధ్రువపత్రం ఇవ్వక, అడిగేవాళ్లు లేక, అర్హత ఉండీ అది పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. మీ లోనుకి ఆ రాయితీ వచ్చిందా లేదా అని బ్రాంచిలో ఒక్కసారి అడగండి.

ఇక అసలు కథకి వద్దాం. అమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటోంది. కాలేజీ రోజుల్లో బ్యాంకుకి ఇచ్చిన ఫోన్ నంబరు మార్చేసింది. మెసేజ్‌లు ఆ పాత నంబరుకి పోతున్నాయి. ఉత్తరం ఊరికి వస్తే టీవీ వెనకాల పెట్టారు. గడువు అయిపోయింది. మొదటి వాయిదా వచ్చింది, పోయింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఎవరూ ఎగ్గొట్టాలని చూడలేదు. కానీ కంప్యూటర్‌కి ఆ సంగతి పట్టదు.

ఇప్పుడు సిబిల్ అంటే ఏమిటో చూద్దాం. ఊళ్లో కిరాణా కొట్టుకి వెళ్తే శెట్టి గారి దగ్గర ఖాతా పుస్తకం ఉండేది. ఎవరు నెల తిరక్కుండా కడతారో, ఎవరు సందు మార్చి నడుస్తారో ఆ పుస్తకంలో తెలిసిపోయేది. కాకపోతే ఆ పుస్తకం ఆ కొట్టు దాటి పోయేది కాదు. ఇక్కడ మొహం చెల్లకపోతే పక్క వీధి కొట్టు ఉంది. ఇప్పుడు దేశంలో ఉన్న కొట్లన్నిటికీ ఒకే ఖాతా పుస్తకం అనుకోండి. ఎక్కడ అప్పు అడిగినా ముందు అదే పుస్తకం తెరుస్తారు. సిబిల్ పని అదే.

సిబిల్ నిజానికి ఒక కంపెనీ పేరు. ఇలాంటివి మన దేశంలో నాలుగున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం కింద, రిజర్వు బ్యాంకు అనుమతితో ఇవి పనిచేస్తాయి. మీ అప్పుల లెక్కను బ్యాంకులు వీటికి పంపిస్తాయి. ఇదివరకు నెలకోసారి పంపేవి. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే మీరు ఆలస్యం చేసినా త్వరగా తెలుస్తుంది. కట్టేసినా త్వరగానే తెలుస్తుంది. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ మంచిది.

అందరూ స్కోరు అంకె మీదే కళ్లు పెడతారు. నన్నడిగితే దాని కింద ఉండే గళ్లు చూడాలంటాను. రిపోర్టు తెరిస్తే ఒక్కో అప్పు కింద చిన్న చిన్న గళ్లు వరసగా ఉంటాయి. నెలకో గడి. మూడేళ్ల లెక్క అందులో కనిపిస్తుంది. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల బాకీ లేదని అర్థం. 30 అని ఉంటే 30 రోజులు ఆలస్యం. 62 అని ఉంటే 62 రోజులు. మీ కథంతా ఆ గళ్లలో ఉంటుంది. రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు అవతలి మేనేజరు వేలు పెట్టి చూపించేది కూడా ఆ గడినే.

ఇంకో ముఖ్యమైన సంగతి. విద్యా రుణంలో తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. అందుకని ఈ అప్పు అమ్మాయి రిపోర్టులోనూ ఉంటుంది, నాన్న రిపోర్టులోనూ ఉంటుంది. అక్కడ వాయిదా తప్పితే ఇక్కడ నాన్న కొత్త ఆటోకి లోను అడిగినప్పుడు అడ్డం పడుతుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో చదివి ఉద్యోగం దొరకని పిల్లల విషయంలోనూ ఇంతే. పిల్లలు అక్కడ, అప్పు ఇక్కడ. పేరు మాత్రం ఇద్దరిదీ.

ఇప్పుడు ఆ 90 రోజుల లెక్క. ఇది కాస్త శ్రద్ధగా వినండి. మీ వాయిదా మార్చి 31న కట్టాలి. ఆ రాత్రి బ్యాంకు లెక్కలు మూసేలోపు డబ్బు పడలేదు. ఆ రోజు నుంచే బాకీ మొదలు. ఏప్రిల్ 30కి 30 రోజులు నిండుతాయి. ఒక మెట్టు కిందికి. మే 30కి 60 రోజులు. ఇంకో మెట్టు. జూన్ 29 రాత్రికి 90 రోజులు నిండి ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. అంటే మొండి బాకీ. చాలామంది మూడు నెలలంటే జూన్ నెలాఖరు దాకా ఉందనుకుంటారు. లేదు. లెక్క రోజుల్లో ఉంటుంది, నెలల్లో ఉండదు. జూన్ 30న వెళ్లి కడితే ఒక రోజు ఆలస్యం.

ఆ ఒక్క రోజుకి అంత తేడా ఎందుకు? ఎన్‌పీఏ కాకముందు మీకు రెండు వాయిదాలు బాకీ ఉంటే, ఒకటి కట్టినా అన్నిటికన్నా పాతది తీరిపోతుంది. ఆలస్యం రోజులు తగ్గుతాయి. మెట్టు పైకి ఎక్కుతారు. ఎన్‌పీఏ అయిపోయాక ఆ వెసులుబాటు లేదు. పాత బాకీ మొత్తం, వడ్డీతో సహా, పైసా మిగలకుండా కడితే తప్ప ఖాతా మళ్లీ మామూలు స్థితికి రాదు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ఈ విషయం విడమరిచి చెప్పింది. అందుకే అంటున్నాను, 89వ రోజున కట్టే ఒక్క వాయిదా విలువ వేరు, 91వ రోజున కట్టే వాయిదా విలువ వేరు.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం. రెండు రకాల ఇబ్బందులుంటాయి. ఒకటి, ఈ నెలకి మాత్రమే. రెండోది, ఉద్యోగమే లేదు, ఎన్ని నెలలో తెలియదు.

మొదటిది తేలిక. జీతం ఆలస్యమైంది. ఖాతాలో డబ్బు లేదు. ఆటోమేటిక్‌గా వెళ్లాల్సిన వాయిదా వెనక్కి వచ్చింది. బౌన్స్ అయింది అంటాం కదా, అదే. డబ్బు చేతికి వచ్చాక మళ్లీ వాయిదా తేదీ దాకా ఆగకండి. వచ్చే నెల రెండూ కలిపి కడదాంలే అనుకోకండి. వెంటనే లోను ఖాతాకి నేరుగా కట్టేయండి. కట్టాక బాకీ ఇంకేమైనా ఉందా అని అడగండి. బౌన్స్ చార్జీ, ఆలస్యపు చార్జీ అని రెండు మూడు వందలు ఎక్కడో ఉండిపోతాయి. ఆ కాస్తకే బాకీ అని కనిపిస్తూ ఉంటుంది. ఇది చూసుకోవాలి. ఆలస్యానికి వేసే జరిమానాని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. స్టేట్‌మెంటు తీసుకుని ఆ వరస ఒకసారి చూడండి. జీతం 7వ తేదీన వస్తూ వాయిదా 1వ తేదీన ఉంటే, తేదీ మార్చమని అర్జీ పెట్టుకోండి. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

రెండోది కష్టం. ఉద్యోగం లేదు. లేదా పన్నెండు వేల జీతం, తొమ్మిది వేల వాయిదా. ఇలాంటప్పుడు మనవాళ్లు చేసే పని ఏమిటంటే, ఫోను ఎత్తరు. బ్యాంకు ఉన్న వీధిలోంచి వెళ్లరు. సిగ్గు. ఆ సిగ్గు అర్థం చేసుకోదగిందే. కానీ బ్యాంకు దగ్గర మీ కష్టం రాసిన కాగితం లేకపోతే, ఉన్నది ఒక్క బాకీ అంకె మాత్రమే.

చాలామందికి తెలియని మాట ఒకటుంది. మన బ్యాంకులు అనుసరించే విద్యా రుణ నమూనా పథకాన్ని ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ తయారుచేసింది. అందులోనే రాసి ఉంది. ఉద్యోగం లేని కాలానికి, చాలీచాలని ఉద్యోగం ఉన్న కాలానికి, అప్పు తీరేలోపు రెండు మూడు సార్లు బ్యాంకు మళ్లీ గడువు ఇవ్వొచ్చు. మళ్లీ చెబుతున్నాను. ఉద్యోగం లేకపోతే మళ్లీ గడువు అడగొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం. కానీ అడిగే దారి పథకంలోనే ఉంది. అలాగే అప్పు తీర్చే కాలాన్ని 15 ఏళ్ల దాకా పెట్టొచ్చు. ఇందాకటి అమ్మాయి 6 లక్షల 75 వేలు పదేళ్లకి బదులు పదిహేనేళ్లు అయితే వాయిదా 8,900 నుంచి 7,250 దగ్గరికి దిగుతుంది. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతారు, నిజమే. అయినా మొండి బాకీ కావడం కంటే అది మేలు. మొదట్లో తక్కువ వాయిదా, జీతం పెరిగేకొద్దీ ఎక్కువ వాయిదా పెట్టమని కూడా అడగొచ్చు.

అడగడం ఎలా? నోటితో అడిగి వచ్చేస్తే లాభం లేదు. ఈ మేనేజరు గారు మూడు నెలల్లో బదిలీ అయిపోతారు. కొత్తాయనకి మీరెవరో తెలియదు. కాగితం మీద రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు. లోను ఖాతా నంబరు రాయండి. చదువు ఎప్పుడు పూర్తయిందో రాయండి. ఇప్పుడు ఆదాయం ఎంతో, ఎందుకు కట్టలేకపోతున్నారో రెండు ముక్కల్లో రాయండి. ఎన్ని నెలల గడువు కావాలో రాయండి. ఆ గడువులో నెలకి ఎంత కట్టగలరో కూడా రాయండి. వెయ్యి అయినా సరే, రెండు వేలైనా సరే. కడతానన్న మాట ఉన్న కాగితానికి విలువ ఎక్కువ. నకలు మీద అందినట్టు బ్యాంకు ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యకపోతే అదే కాగితాన్ని ఫొటో తీసి బ్రాంచి ఈమెయిలుకి పంపండి. కొత్త ఫోన్ నంబరు, కొత్త చిరునామా అప్పుడే ఇచ్చి రండి.

ఒక జాగ్రత్త. గడువు మంజూరు అయినట్టు బ్యాంకు రాతపూర్వకంగా చెప్పేదాకా పాత వాయిదా నడుస్తూనే ఉంటుంది. అర్జీ పెట్టాం కదా అని ఊరుకుంటే రోజుల లెక్క ఆగదు. ఇంకో ప్రశ్న కూడా ముందే అడగండి. "ఇలా మారిస్తే నా రిపోర్టులో ఏమని పడుతుంది?" రీస్ట్రక్చర్ అని పడితే తర్వాత అప్పు ఇచ్చేవాళ్లు దాన్ని చూస్తారు. తెలిసి ఒప్పుకోవడం మంచిది.

వాయిదా కట్టడానికి ఫోన్‌లో లోన్ యాప్ దగ్గర అప్పు చెయ్యకండి. ఇది నా గట్టి అభిప్రాయం. వచ్చే నెల జీతం ఖాయంగా ఉంటే ఒక నెలకి ఇంట్లో బంగారం మీద తెచ్చుకోవడంలో అర్థముంది. జీతమే లేనప్పుడు ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తే మిగిలేది రెండు అప్పులు. అలాగే మాఫీ వస్తుందని ఎవరో అన్నారని వాయిదా ఆపకండి. అన్నవాళ్లు మీ రిపోర్టు బాగుచెయ్యరు.

ఇప్పటికే 90 రోజులు దాటిపోయిందా? అయినా వెళ్లండి. ఎంత కడితే ఖాతా మామూలు స్థితికి వస్తుందో రాయించుకోండి. బ్యాంకు కొంత తగ్గించి సెటిల్‌మెంట్ చేసుకోమంటే తొందరపడకండి. అలా తీర్చితే రిపోర్టులో క్లోజ్డ్ అని పడదు. సెటిల్డ్ అని పడుతుంది. పూర్తిగా కట్టలేదని దాని అర్థం. వేరే దారి లేకపోతే అదే చెయ్యాలి, కాదనను. ఇల్లు తాకట్టు పెట్టి పెద్ద లోను తీసుకున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎన్‌పీఏ అయ్యాక ఆ ఇంటి మీద 60 రోజుల నోటీసు ఇచ్చే అధికారం బ్యాంకుకి చట్టం ఇచ్చింది. ఆ నోటీసు వస్తే బీరువాలో పెట్టకండి. జవాబు రాయండి.

వసూలు ఏజెంట్లు వస్తే భయపడక్కర్లేదు. ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 7 దాటాక వాళ్లు ఫోన్ చెయ్యకూడదు. బెదిరించకూడదు. చుట్టాలకి, స్నేహితులకి చెప్పి పరువు తియ్యకూడదు. అలా చేస్తే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఖర్చు లేదు. వివరాలకి ఫోన్ నంబరు 14448. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఎనిమిది.

ఇక రిపోర్టు ఎలా చూడాలి? ఇందాక చెప్పిన నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల వెబ్‌సైటులోకి వెళ్లి తీసుకోవచ్చు. డబ్బు కట్టేసినా బాకీ అనే చూపిస్తోందా? అక్కడే ఫిర్యాదు పెట్టండి. రసీదు జత చెయ్యండి. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది. తప్పుగా పడింది ఇలా పోతుంది. నిజంగా ఆలస్యం చేసి పడింది మాత్రం ఎవరూ చెరపలేరు. వారంలో సిబిల్ బాగుచేస్తాం, ఐదు వేలివ్వండి అని ఫోన్లు చేసేవాళ్లని నమ్మకండి. నెల నెలా కడుతూ పోతే కొత్త గళ్లలో సున్నాలు పడతాయి. పాత గడి వెనక్కి జరుగుతుంది. ఉన్న దారి అదే.

బ్యాంకు ఉద్యోగాలకి చదువుతున్న పిల్లలు ఇది ప్రత్యేకంగా వినాలి. కోచింగ్ సెంటర్లలో పీవో, క్లర్కు పరీక్షలకి వేలమంది చదువుతున్నారు. ఆ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఉద్యోగంలో చేరే నాటికి క్రెడిట్ హిస్టరీ బాగుండాలి. లేకపోతే బాకీ లేదని అప్పిచ్చిన బ్యాంకు దగ్గర పత్రం తేవాలి. అదీ తేలేకపోతే ఇచ్చిన ఉద్యోగం వెనక్కి పోవచ్చు. ఉద్యోగం లేక చదువు అప్పు కట్టలేకపోతే, ఆ అప్పు కట్టలేదని ఉద్యోగం ఇవ్వకపోవడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు. కానీ నిబంధన ఉన్నంతకాలం మన జాగ్రత్త మనది. పరీక్ష ఫీజు కట్టే ముందే మీ రిపోర్టు చూసుకోండి.

చివరిగా తల్లిదండ్రులకి ఒక విన్నపం. పిల్లలు వాయిదా తప్పిన సంగతి ఇంట్లో చెప్పరు. నాన్న తిడతాడని దాస్తారు. దాచిన ఆ రెండు మూడు నెలల్లోనే 90 రోజులు గడిచిపోతాయి. అందుకని ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, వాయిదా ఏ తేదీన ఉంది, ఈ నెల కట్టగలవా అని మెల్లిగా అడగండి. కట్టలేనంటే అరవకండి. రేపు ఉదయం పాస్‌బుక్, లోను కాగితాలు, రాసిన అర్జీ పట్టుకుని ఇద్దరిలో ఎవరో ఒకరు బ్రాంచికి వెళ్లండి.